ముబషిర్ హసన్: మూడేళ్ల మంత్రి పదవి, నలభై ఐదేళ్ల జవాబు

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. లాహోర్‌లో సివిల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే ముబషిర్ హసన్ పాకిస్తాన్ ఆర్థిక మంత్రి ఎలా అయ్యారన్నది మొదటిది. అంత చదువుకున్న మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం వల్ల దేశానికి మేలు జరిగిందా, కీడు జరిగిందా అన్నది రెండోది. దక్షిణాసియా రాజకీయాలు బోధించిన ముప్పై ఏళ్లలో ఈ రెండో ప్రశ్న నన్ను చాలామంది విద్యార్థులు అడిగారు. తొలినాళ్లలో జాతీయీకరణ వల్ల వచ్చిన లాభనష్టాల పట్టిక బోర్డు మీద రాసి, జవాబు చెప్పాననుకునేవాణ్ణి. కానీ ఆయన మంత్రిగా ఉన్నది మూడేళ్లకు కొంచెం తక్కువ. 1974 అక్టోబరులో పదవి వదిలాక ఇంకో నలభై ఐదేళ్లు బతికారు. ఆ నలభై ఐదేళ్లను పక్కనపెట్టి ఆయన్ను తూచడం తప్పని నాకు ఆలస్యంగా తెలిసివచ్చింది.

ముబషిర్ హసన్ 1922లో పానిపట్‌లో పుట్టారు. ఆ పేరు వింటే మనకు మూడు యుద్ధాలు గుర్తొస్తాయి. ఉర్దూ చదువరులకైతే కవి అల్తాఫ్ హుస్సేన్ హాలీ పుట్టిన ఊరు అది. సినిమా దర్శకుడు, రచయిత ఖ్వాజా అహ్మద్ అబ్బాస్‌దీ ఆ ఊరే. చదువుకున్న ముస్లిం కుటుంబాలు తరతరాలుగా పాతుకుపోయిన పట్టణం. 1947లో ఆ కుటుంబాలలో చాలా భాగం సరిహద్దు దాటాయి. అదే ఏడాది లాహోర్ నుంచి హిందువులు, సిక్కులు ఇటువైపు వచ్చేశారు. హసన్ అప్పటికే లాహోర్‌లో ఇంజనీరింగ్ చదివి ఉన్నారు. ఇప్పటి హర్యానాలో ఉన్న ఊళ్లో పుట్టి, చివరి వరకూ లాహోర్ వాడిగా బతికిన మనిషి ఆయన. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, చివర్లో అవసరమవుతుంది.

అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో మాస్టర్స్, అయోవా రాష్ట్రంలో డాక్టరేటు చేసి, లాహోర్‌లో తాను చదివిన ఇంజనీరింగ్ విద్యాసంస్థలోనే ప్రొఫెసరుగా పనిచేశారు. ఆ కాలపు పాకిస్తాన్‌లో చదువుకున్న మధ్యతరగతికి ఒక పెద్ద అసంతృప్తి ఉండేది. అయూబ్ ఖాన్ సైనిక పాలనలో కర్మాగారాలు పెరిగాయి, జాతీయాదాయం పెరిగింది, ఆ పెరిగినదంతా గుప్పెడు కుటుంబాల చేతుల్లోకి వెళ్లింది. ఈ మాట ప్రతిపక్షం వాళ్లు అంటే ఎవరూ పట్టించుకునేవారు కాదేమో. 1968లో స్వయంగా ప్రణాళికా సంఘం ముఖ్య ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ చెప్పారు. ఇరవై రెండు కుటుంబాల చేతుల్లో పరిశ్రమల ఆస్తిలో మూడింట రెండు వంతులు, బ్యాంకింగ్‌లో 80 శాతం ఉన్నాయన్నారు. (తరువాత ఐక్యరాజ్యసమితిలో మానవాభివృద్ధి సూచిక తయారుచేసింది ఈ హక్ గారే.) 'ఇరవై రెండు కుటుంబాలు' అన్న మాట ఆ తరువాత పాకిస్తాన్ వీధుల్లో నినాదమైపోయింది.

1965 యుద్ధం ముగిసి, 1966 జనవరిలో తాష్కెంట్ ఒప్పందం జరిగాక, విదేశాంగ మంత్రి జుల్ఫికర్ అలీ భుట్టో అయూబ్ ప్రభుత్వం నుంచి బయటికి వచ్చారు. కొత్త పార్టీ పెట్టాలనుకున్నారు. ఆ సైనిక ప్రభుత్వం కళ్ల ముందు సభ పెట్టుకోవడం తేలిక కాదు. 1967 నవంబరు 30, డిసెంబరు 1 తేదీల్లో లాహోర్ గుల్‌బర్గ్‌లో, ముబషిర్ హసన్ సొంత ఇంట్లో ఆ సమావేశం జరిగింది. పాకిస్తాన్ పీపుల్స్ పార్టీ అక్కడ పుట్టింది. పాకిస్తాన్ రాజకీయాలు తెలిసినవాళ్లకు '4-కె, గుల్‌బర్గ్' అన్న ఆ చిరునామా నోటికి వచ్చు. ఇస్లాం మా మతం, ప్రజాస్వామ్యం మా రాజ్యవిధానం, సోషలిజం మా ఆర్థిక విధానం, సర్వాధికారాలూ ప్రజలవి అన్న నాలుగు మాటలు ఆ పార్టీ జెండా కింద చేరాయి. బెంగాలీ మేధావి, మాజీ దౌత్యవేత్త జె.ఎ. రహీమ్ పార్టీ మూలపత్రాలు రాసినవారిలో ముఖ్యుడు. ప్రొఫెసరు రాజకీయాల్లోకి నడిచి వెళ్లాడని మీరు రాశారు. నిజానికి రాజకీయాలే ఆయన వసారాలోకి వచ్చాయి, ఆయన తలుపు తెరిచి ఉంచారు.

1970 డిసెంబరు ఎన్నికల్లో ఆయన లాహోర్ నుంచి జాతీయ అసెంబ్లీకి గెలిచారు. పశ్చిమ పాకిస్తాన్‌లోని 138 స్థానాల్లో పీపుల్స్ పార్టీకి 81 వచ్చాయి. తూర్పున, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో, 162 స్థానాల్లో 160 ముజిబుర్ రహమాన్ అవామీ లీగ్ గెలిచింది. మెజారిటీ వచ్చినవారికి అధికారం ఇవ్వకపోవడం వల్ల ఏమైందో మీకు తెలుసు. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగుబాటు, 20న భుట్టో అధికార స్వీకారం. కొద్ది రోజులకే హసన్ ఆర్థిక మంత్రి అయ్యారు.

ఆ రోజు ఆయన చేతికి వచ్చిన ఖజానా ఎలా ఉందో ఊహించండి. దేశంలో సగానికి పైగా జనాభా విడిపోయింది. పశ్చిమ పాకిస్తాన్ మిల్లుల సరుకును తప్పనిసరిగా కొనే మార్కెట్ పోయింది. తూర్పు జనపనార తెచ్చిపెట్టే విదేశీ మారకం పోయింది. సుమారు 93 వేల మంది పాకిస్తానీలు భారతదేశంలో బందీలుగా ఉన్నారు. ఓడిన సైన్యానికి జీతాలు ఇవ్వాలి. ఆర్థికశాస్త్రంలో తర్ఫీదు లేని ఇంజనీరుకు ఇలాంటి ఖజానా అప్పగించడం భుట్టో సాహసమే.

పదవి చేపట్టి రెండు వారాలైనా గడవకముందే, 1972 జనవరి 2న, జాతీయీకరణ ఉత్తర్వు వచ్చింది. ఇనుము-ఉక్కు, భారీ ఇంజనీరింగ్, భారీ విద్యుత్ పరికరాలు, మోటారు వాహనాలు, ట్రాక్టర్లు, రసాయనాలు, సిమెంటు వంటి పది రకాల పరిశ్రమల్లో మొత్తం 31 సంస్థలను ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. మొదట తీసుకున్నది యాజమాన్యాన్నే, వాటాలను కాదు. వాటాలు తరువాత 1973లో బాండ్లు ఇచ్చి తీసుకున్నారు. ఒకే సంస్థ ఒప్పందం మీద అనేక కంపెనీలను నడిపే మేనేజింగ్ ఏజెన్సీ విధానాన్ని (మన దగ్గర కూడా ఒకప్పుడు నడిచిందే) రద్దు చేశారు. అదే ఏడాది జీవిత బీమా, 1973లో వనస్పతి కర్మాగారాలు, 1974 జనవరి 1న బ్యాంకులు ప్రభుత్వ పరమయ్యాయి. మన దేశంలో ఇందిరా గాంధీ 1969 జూలైలో పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేసిన నాలుగున్నరేళ్లకు అక్కడ అది జరిగింది.

ఈ ఘట్టంలో చాలామంది వ్యాసకర్తలు గమనించని విషయం ఒకటుంది. ఇరవై రెండు కుటుంబాల సంపదలో పెద్ద భాగం బట్టల మిల్లుల్లో ఉండేది. 1972 జాబితాలో బట్టల మిల్లులు లేవు. చక్కెర మిల్లులూ లేవు, విదేశీ సంస్థలనూ ముట్టుకోలేదు. జాబితాలో చేరినవాటిలో రెండింటి పేర్లు చెబుతాను. ఒకటి లాహోర్‌లోని బటాలా ఇంజనీరింగ్ కంపెనీ. సి.ఎం. లతీఫ్ అనే పారిశ్రామికవేత్త విభజన తరువాత లాహోర్‌లో దాన్ని కొత్తగా నిలబెట్టి, యంత్ర పరికరాలు, డీజిల్ ఇంజన్లు, సైకిళ్లు తయారుచేసే స్థాయికి తెచ్చారు. ఇరవై రెండు కుటుంబాల మీద కోపానికీ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. పేరు మారి ప్రభుత్వ సంస్థ అయ్యాక ఆ కర్మాగారం క్షీణించింది. ఇంజనీరు అయిన మంత్రి చేతుల మీదుగా ఇలా జరగడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. రెండోది షరీఫ్ కుటుంబపు ఇత్తెఫాక్ ఫౌండ్రీ. ఆ రోజు కర్మాగారం పోగొట్టుకున్న ఇంటి కుర్రవాడు నవాజ్ షరీఫ్ తరువాత మూడుసార్లు ప్రధానమంత్రి అయ్యాడు. పీపుల్స్ పార్టీకి పంజాబ్‌లో అతి పెద్ద ప్రత్యర్థి ఆ ఉత్తర్వు పెట్టిన గాయంలోంచే లేచాడని చెప్పుకోవచ్చు.

హసన్ మీద వేసే నిందల్లో ఒకటి మాత్రం ఆయనది కాదు. 1976లో చిన్న చిన్న పిండిమరలు, బియ్యం మిల్లులు, పత్తి జిన్నింగ్ మిల్లులు కూడా ప్రభుత్వ పరం చేశారు. ఊళ్లలో చిన్న వ్యాపారులు మండిపడి 1977లో భుట్టో వ్యతిరేక ఆందోళనలో వీధుల్లోకి వచ్చింది దానివల్లే. అప్పటికి హసన్ మంత్రి కాదు, పదవి వదిలి రెండేళ్లు కావస్తోంది.

ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గట్టిదిగా తోచేది రూపాయి విలువ తగ్గింపు. తెలుగు పాఠకుడికి దీన్ని అర్థం చేయించడం సులువు. 1966 జూన్‌లో మన రూపాయిని డాలరుకు 4.76 నుంచి 7.50కి తగ్గించారు కదా. పాకిస్తాన్ రూపాయి కూడా సరిగ్గా అదే 4.76 దగ్గర ఉండేది, 1966 తరువాత కూడా అక్కడే ఉండిపోయింది. కాగితం మీద ధర అది, నిజమైన ధర వేరు. ఆ తేడాను కప్పిపుచ్చడానికి 1959 నుంచి బోనస్ వోచర్ల విధానం నడిపారు. మిల్లు సరుకు ఎగుమతి చేసినవారికి డాలర్లకు రూపాయలతోపాటు ఒక వోచరు ఇస్తారు. దిగుమతులు కావలసినవారు ఆ వోచరును ఎక్కువ ధర పెట్టి కొంటారు. మిల్లు యజమానికి ఒక్కో డాలరు మీద చాలా ఎక్కువ సంపాదన వస్తుంటే, ముడి పత్తి, ముడి జనపనార పండించే రైతుకు పాత రేటే. రైతు జేబులోంచి తీసి మిల్లు యజమాని జేబులో వేసే ఏర్పాటు ఇది, చట్టబద్ధంగా పదమూడేళ్లు సాగింది. 1972 మేలో హసన్ రూపాయిని ఒక్క దెబ్బతో డాలరుకు 11కి తెచ్చి, వోచర్లను ఎత్తేశారు. ఎగుమతులు పుంజుకున్నాయి. తూర్పు ప్రాంతానికి అమ్మే సరుకు ప్రపంచ మార్కెట్ వైపు మళ్లింది. పత్తి, బియ్యం మీద ఎగుమతి సుంకాలు వేయడంతో రైతుకు అందవలసినదంతా అందలేదు. ధరలు పెరిగి పట్టణాల్లో పేదలు ఇబ్బంది పడ్డారు. 1973లో వరదలు, ఆ వెంటనే చమురు ధరల దెబ్బ వచ్చి లెక్కలన్నీ తారుమారయ్యాయి. అయినా ఇరవై రెండు కుటుంబాల మీద నిజమైన వేటు నా దృష్టిలో ఇదే. ఉక్కు కర్మాగారం గేటుకు వేసిన తాళం కన్నా ఈ రేటు మార్పు లోతుగా తగిలింది. దీనికి ఊరేగింపులు జరగలేదు కాబట్టి ఎవరికీ గుర్తులేదు.

ఇక నచ్చని భాగం. 1972 జనవరిలో ముల్తాన్‌లో భుట్టో శాస్త్రవేత్తలను పిలిచి అణ్వాయుధం కావాలన్నప్పుడు ఆర్థిక మంత్రి హసనే. 1973 ఫిబ్రవరిలో బెలూచిస్తాన్‌లో ఎన్నికైన ప్రభుత్వాన్ని భుట్టో రద్దు చేసి సైన్యాన్ని దింపినప్పుడు ఆయన మంత్రివర్గంలో ఉన్నారు. 1974 సెప్టెంబరు 7న అహ్మదీ శాఖ వారిని ముస్లిమేతరులుగా ప్రకటించిన రాజ్యాంగ సవరణ జరిగినప్పుడూ ఉన్నారు. మరుసటి నెలలో పదవి వదిలారు కాబట్టి అది నిరసన అని చెప్పే అభిమానులు ఉన్నారు. అభిమానం కోసం తేదీలను అలా ముడివేయడం నాకు ఇష్టం లేదు. మంత్రివర్గంలో ఉన్నవారికి ఆ నిర్ణయాల బాధ్యతలో వాటా ఉంటుంది.

ఆ ఏడాది జూలైలో జరిగిన సంఘటన మాత్రం పార్టీ లోపల అందరినీ వణికించి ఉంటుంది. ప్రధాని ఇంట్లో విందుకు వెళ్లిన జె.ఎ. రహీమ్ గంటల తరబడి భుట్టో కోసం ఎదురుచూసి, విసిగి, నాలుగు మాటలు అని వెళ్లిపోయారు. ఆ రాత్రే భద్రతా దళం మనుషులు ఇంటికి వచ్చి ఆ ముసలాయన్ను కొట్టారు. పార్టీ సిద్ధాంతం రాసిన మనిషిని, మంత్రిని, పార్టీయే పెట్టిన ప్రభుత్వం కొట్టించింది. అప్పటికే పార్టీలోకి పంజాబ్, సింధ్ జమీందార్లు బారులు తీరి వస్తున్నారు. 1972 భూసంస్కరణల్లో సాగునీటి భూమికి 150 ఎకరాల పరిమితి పెట్టారు, కానీ ఆ పరిమితిని అమలు చేయాల్సిన పార్టీలోనే భూస్వాములు నిండిపోయారు. హసన్ అక్టోబరులో మంత్రి పదవి నుంచి తప్పుకున్నారు. పార్టీని వదల్లేదు, రహీమ్ తరువాత ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1977 జూలై 5న సైన్యాధిపతి జియా ఉల్ హక్ అధికారం లాక్కున్నాక జైలుకు వెళ్లారు. 1979 ఏప్రిల్ 4న భుట్టోను ఉరితీశారు.

ఇక్కడి నుంచి ఆయన అసలు పని మొదలైందని నేననుకుంటాను. ఆయన్ను ఒక ప్రశ్న తొలిచేసింది. ప్రజలు ఓటు వేశారు, పార్టీ గెలిచింది, ఖజానా తాళాలు చేతికి వచ్చాయి, మరి అనుకున్నది ఎందుకు జరగలేదు? దీనికి జవాబుగా ఆయన 2000లో 'ద మిరాజ్ ఆఫ్ పవర్' అనే పుస్తకం ప్రచురించారు. అధికారం ఎండమావి అని ఆ పేరుకు అర్థం. మంత్రి చేతిలో ఉన్నట్టు కనిపించే అధికారం నిజానికి వలస కాలం నుంచి వచ్చిన సివిల్, సైనిక యంత్రాంగం చేతిలో ఉందని, భుట్టో దాన్ని విరగ్గొట్టబోయి చివరికి దాని మీదే ఆధారపడ్డాడని ఆయన వాదన. రాజధానిలో పాలకుడు మారితే చాలదు, కలెక్టరు, పోలీసు స్థాయిలో ఉన్న అధికారాన్ని స్థానిక ప్రజల చేతికి దించాలని ఆ తరువాత దశాబ్దాల పాటు చెబుతూ వచ్చారు. కర్మాగారాలు ప్రజల పేరిట తీసుకుంటే చివరికి అవి అధికారుల చేతికే వెళ్లాయన్న చేదు నిజం ఆ వాదనలో కలిసి ఉంది. మాజీ మంత్రుల జ్ఞాపకాలు నేను చాలా చదివాను. తప్పంతా పక్కవాడిదని చెప్పడానికే వాటిలో ఎక్కువ భాగం రాస్తారు. తాను కూడా నడిపిన ప్రభుత్వం ఎందుకు ఓడిందో ఇంత నిలకడగా వెతికిన పుస్తకం వాటిలో అరుదు.

ఆయన పేరు పాకిస్తాన్ న్యాయ చరిత్రలో శాశ్వతంగా ఉండిపోయిన సందర్భం ఇంకొకటి ఉంది. 2007 అక్టోబరు 5న అప్పటి సైనిక పాలకుడు ముషారఫ్ ఒక ఆర్డినెన్సు తెచ్చారు. 1986 నుంచి 1999 అక్టోబరు 12 మధ్య రాజకీయ కక్షతో పెట్టినవన్న పేరుతో అవినీతి కేసులను, క్రిమినల్ కేసులను ఎత్తివేసే ఏర్పాటు అది. ఎనిమిది వేల మందికి పైగా లబ్ధి పొందారు. వారిలో ఆసిఫ్ అలీ జర్దారీ ఉన్నారు, అంటే భుట్టో అల్లుడు, హసన్ ఇంట్లో పుట్టిన పార్టీకి ఆ తరువాత అధినేత అయిన మనిషి. ఆ ఆర్డినెన్సును సుప్రీంకోర్టులో సవాలు చేసినవారిలో ఎనభై ఐదేళ్ల హసన్ ఒకరు. కేసు ఆయన పేరు మీదే నిలిచింది. 2009 డిసెంబరు 16న పదిహేడు మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆర్డినెన్సును కొట్టివేసింది. ఆ తీర్పు అమలులో భాగంగా జర్దారీ మీద కేసు మళ్లీ తెరవమని స్విస్ అధికారులకు లేఖ రాయడానికి నిరాకరించిన ప్రధాని యూసఫ్ రజా గిలానీని 2012లో కోర్టు ధిక్కార నేరం కింద దోషిగా ప్రకటించారు, ఆ జూన్‌లో ఆయన పదవి పోయింది. ఎన్నికైన ప్రధానిని కోర్టు దింపడం సరైనదా అన్నది వేరే చర్చ, నాకు అందులో గట్టి అనుమానాలు ఉన్నాయి. కానీ సొంత పార్టీ వారసులైనా సరే చట్టం ముందు మినహాయింపు ఉండకూడదని, ఆ వయసులో కోర్టు మెట్లెక్కిన మనిషి నిజాయితీని శంకించలేను.

పానిపట్ సంగతి గుర్తుంచుకోమన్నాను. 1994 సెప్టెంబరు 2న లాహోర్‌లో రెండు దేశాల నుంచి సుమారు పాతికమంది కూర్చున్నారు. అప్పుడు ఇక్కడ ప్రధాని మన పి.వి. నరసింహారావు, అక్కడ భుట్టో కూతురు బేనజీర్. కశ్మీర్‌లో నెత్తురు పారుతోంది, రెండు ప్రభుత్వాల మధ్య మాటలు లేవు. ఆ గదిలోంచి పుట్టినది పాకిస్తాన్-ఇండియా పీపుల్స్ ఫోరం ఫర్ పీస్ అండ్ డెమోక్రసీ. అటు ముబషిర్ హసన్, పాత్రికేయుడు ఐ.ఎ. రెహమాన్, ఇటు కేబినెట్ కార్యదర్శిగా పనిచేసిన నిర్మల్ ముఖర్జీ వంటివారు దానికి ముందు నిలిచారు. 1995 ఫిబ్రవరిలో ఢిల్లీలో మొదటి ఉమ్మడి సమావేశం జరిగింది. తరువాత లాహోర్, కలకత్తా, పెషావర్, బెంగళూరు, కరాచీ. ఊరి పేరు చూసి ఇచ్చే వీసాలు, దిగగానే పోలీసు స్టేషన్లో హాజరు వేయించుకోవాల్సిన నిబంధనలు ఉన్న రెండు దేశాల మధ్య వందలమంది మామూలు మనుషులను అటూ ఇటూ తిప్పడం ఎంత కష్టమో, ఒకసారి వీసా దరఖాస్తు నింపినవారికి తెలుస్తుంది. 1998 మేలో పోఖరణ్, చాగాయ్‌లలో రెండు దేశాల అణు పరీక్షల తరువాత రెండు వైపులా వీధుల్లో మిఠాయిలు పంచుతున్నప్పుడు, అణ్వాయుధాలు వద్దని రెండు వైపులా చెప్పినవారిలో ఈ వేదిక ఉంది. ముల్తాన్ సమావేశం నాటి ఆర్థిక మంత్రి ఆ వేదిక మీద కూర్చున్నారు. ఆ రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూడమని నా విద్యార్థులకు చెప్పేవాణ్ణి.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇది. మంత్రిగా ఆయన ఒక మంచి పని, అంటే రూపాయి సంస్కరణ, గట్టిగా చేశారు. జాతీయీకరణలో మంచి ఉద్దేశంతో చేసిన హాని, చేసిన మేలు కన్నా ఎక్కువ. ఇతర అన్యాయాల్లో మౌనంగా వాటాదారు అయ్యారు. చదువు ఆయన్ను వీటి నుంచి కాపాడలేదు. చదువు పనికొచ్చింది ఆ తరువాతే. పరీక్షలో తప్పిన లెక్కను మళ్లీ మొదటి నుంచి చేసి చూసే అలవాటు పంతుళ్లకు ఉంటుంది కదా, ఆయన తన లెక్కను నలభై ఐదేళ్లు మళ్లీ మళ్లీ చేశారు. ఆస్తులు కూడబెట్టలేదు. పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ కారును తానే నడుపుకుంటూ తిరిగిన మాజీ ఆర్థిక మంత్రిగా లాహోర్ వాసులు ఆయన్ను గుర్తుపెట్టుకున్నారు. 2020 మార్చి 14న, తొంభై ఎనిమిదేళ్ల వయసులో, ఆ ఊళ్లోనే కన్నుమూశారు.

ఆయన గురించి ఇంకా చదవాలనుకుంటే పుస్తకం కన్నా ముందు 1994 నాటి ఆ లాహోర్ ప్రకటన చదవండి, చాలా చిన్నది. కశ్మీర్ అన్నది రెండు దేశాల మధ్య నేల తగాదా మాత్రమే కాదని, జమ్మూ కశ్మీర్ ప్రజలు పాలుపంచుకునే శాంతియుత ప్రజాస్వామ్య పరిష్కారమే దారి అని అందులో ఉంది. లాహోర్‌లో మాజీ కేంద్రమంత్రి ఒకరు ఆ మాట మీద నిలబడడానికి 1994లో ఎంత ధైర్యం కావాలో ఆలోచిస్తూ చదవండి.